దిగాల్సిన మనిషి

పొద్దున్నే ఆరున్నరకి డ్రైవరు టైర్లు తన్ని చూసుకుని, అద్దం తుడిచి, సీట్లో కూర్చుని తాళం తిప్పాడు. బస్సు గుర్రుమని ఊరుకుంది.

"ఎవరండీ ఆ మహానుభావులు? చూసుకుని దిగండి!" కేకేసింది కండక్టరమ్మ.

ఆ బస్సు తీరే అంత. మనసు ఇంటి దగ్గర వదిలేసి ఎక్కినవాళ్ళు ఒక్కరున్నా అంగుళం కదలదు. ఆ మనిషి దిగితే చాలు, పరుగే పరుగు. మెకానిక్కులు ఎప్పుడో చేతులెత్తేశారు. జనం అలవాటుపడిపోయారు.

ఇవాళ మాత్రం డ్రైవరు గాభరాగా వెనక్కి తిరిగి చూశాడు. మూడో సీట్లో కూతురుంది. పదింటికి కాలేజీలో ఇంటర్వ్యూ. ఆలస్యమైతే సీటు ఇంకొకరికి పోతుంది. సీటొస్తే అక్కడే చేరిపోవాలని పెట్టె కూడా సర్దుకుంది. మార్కులు చూస్తే అటూ ఇటూగా ఉన్నాయి. పిల్ల చూస్తే, పాలు పొయ్యి మీద పెట్టి పుస్తకంలో పడిపోయే రకం. హాస్టల్లో ఒక్కతే ఎలా నెగ్గుకొస్తుంది? నెల రోజులుగా అతనికి ఇదే ఆలోచన.

"నేనే అయ్యుంటా, కోడలితో పోట్లాడొచ్చా," అంటూ ముసలావిడ దిగింది. బస్సు కదల్లేదు. టైలరు దిగాడు. ఉహూఁ. పిల్ల సంగతి తెలిసి, అడక్కుండానే ఒక్కొక్కరూ దిగి చూశారు, మళ్ళీ ఎక్కారు. చివరికి పిల్లే కళ్ళనీళ్ళతో దిగింది. అప్పుడూ కదల్లేదు.

"నువ్వు కాదే తల్లీ, ఎక్కు," అంది కండక్టరమ్మ. అందరూ డ్రైవరు వైపు చూశారు.

"నేనా? నేను డ్రైవర్నండీ!"

"డ్రైవరైతే మనసుండదా అన్నయ్యా?"

అతను స్టీరింగు మీద తల వాల్చాడు. "నిన్న నువ్వు పెట్టె సర్దుకుంటుంటే, సీటు రాకపోతే బాగుండు, ఇంట్లోనే ఉంటావు కదా అనుకున్నానమ్మా. తప్పే."

"నేను లేకపోతే నీ కళ్ళజోడు ఎవరు వెతికిపెడతారని నాకూ బెంగే నాన్నా," అంది కూతురు. "అయినా ఎక్కాను కదా!"

అతనికి డ్రైవింగు నేర్పిన పెద్దాయన ముందు సీట్లోంచి లేచాడు. "దిగరా ఇక. నేను తీసుకెళ్తా."

డ్రైవరు దిగాడు. బస్సు కదిలింది. ఇరవై రెండేళ్ళు నడిపిన బస్సుని వెనక నుంచి చూడటం అతనికి అదే మొదటిసారి. కిటికీలోంచి కూతురి చెయ్యి ఊగుతోంది.

"చెయ్యి లోపల పెట్టు!" అని అరిచి, ఏడుస్తూ నవ్వాడు.

పదికి ఐదు నిమిషాలుండగా పిల్ల కాలేజీ గేటు దాటింది. సాయంత్రానికి సీటొచ్చిందని ఫోను చేసింది.

మర్నాడు ఎక్కిన ప్రతి ఒక్కరికీ డ్రైవరు చేతులు జోడించాడు. "మీ మేలు మర్చిపోలేను," అన్నాడు. మూడో సీటు ఖాళీగా ఉంది. దానివైపొకసారి చూసి, భయంభయంగా తాళం తిప్పాడు.

ఒక్క తిప్పుకే బస్సు కదిలింది.