తలవైపు తాడు

పెద్ద హాల్లో కాన్‌స్టెన్స్ పిన్ని కుర్చీ ఎక్కి కిటికీ తెరల పొడవు కొలుస్తుండగా గ్రిజెల్ లోపలికి వచ్చింది. పక్క గదిలో తండ్రి శవాన్ని ఇంకా పెట్టెలోకి కూడా దించలేదు.

"చిమ్మటలు కొట్టాయేమోనని చూస్తున్నానమ్మా," అంది పిన్ని.

"టేపుతోనా పిన్నీ?"

పిన్ని టేపు చుట్టేసి, కుర్చీ దిగి, వంటింటివైపు వెళ్లిపోయింది. గ్రిజెల్ ఆమె నడకనే చూస్తూ నిలబడింది. సొంతింట్లో నడిచే మనిషి నడక అది.

గార్వీ ఎర్ల్ బిరుదు కొడుకులకే చెందాలన్న నియమం ఏనాడూ లేదు. కొడుకు లేనప్పుడు కూతురికి వస్తుంది. మెట్ల మలుపులో పటంగా వేలాడుతున్న ముత్తవ్వ లిలియాస్ అలాగే కౌంటెస్ అయింది. తండ్రికి గ్రిజెల్ ఒక్కతే సంతానం. అయితే ఆ సంతానం చట్టం ఒప్పుకునే పెళ్లికి పుట్టినదై ఉండాలి. చిక్కంతా అక్కడే ఉంది.

తండ్రి చర్చిలో పెళ్లాడలేదు. బడిపంతులు కూతుర్ని చేసుకుంటానంటే తాతగారు ఇంట్లోంచి గెంటేస్తారని భయపడి, ఇద్దరు సాక్షుల ముందు 'ఈమె నా భార్య' అని ఆయనా, 'ఇతను నా భర్త' అని ఆవిడా అనుకున్నారు. స్కాట్లండ్‌లో అది కూడా పెళ్లే. పాదిరి అక్కర్లేదు, కాగితం అక్కర్లేదు. అమ్మ ఈ ఇంటి గడప తొక్కకుండానే, డండీలో అద్దె గదిలో గ్రిజెల్‌ని కని పోయింది. పసిబిడ్డని తండ్రి ఒళ్లో పెట్టుకుని తెస్తే తాతగారు కిక్కురుమనలేదు. ఆ తర్వాత ఎవరూ ఏమీ అడగలేదు కూడా.

ఇప్పుడు అడుగుతున్నారు. ఎడిన్‌బరో నుంచి కారులో వచ్చిన లాయరు పిట్‌కెయిర్న్ మెత్తగానే చెప్పాడు: "పాత బిరుదు కదమ్మా, లండన్‌లో ప్రభువుల సభవాళ్లు గుచ్చి గుచ్చి చూస్తారు. ఆ మాటలు విన్న సాక్షి ఒకరైనా కావాలి."

"నీళ్ల ఒడ్డున మాట ఇచ్చుకున్నాం. మీ బాబాయి, పడవ నడిపే టామ్ విన్నారు," అని మాత్రం తండ్రి ఎప్పుడో చెప్పాడు. టామ్ పోయి చాలా కాలమైంది. మిగిలింది లూడోవిక్ బాబాయి, కాన్‌స్టెన్స్ పిన్ని భర్త. ఆయన నోరు విప్పితే గ్రిజెల్ గార్వీ కౌంటెస్ అవుతుంది. విప్పకపోతే ఆయనే ఎర్ల్ అవుతాడు.

బాబాయి నోరు విప్పలేదు. వచ్చిన రోజే పిట్‌కెయిర్న్‌ని తండ్రి చదువుకునే గదిలోకి తీసుకెళ్లి తలుపేసుకున్నాడు. బయటికొచ్చాక గ్రిజెల్ ఎదురైతే తల పక్కకి తిప్పుకున్నాడు.

"బాబాయ్, నాన్న పెళ్లి సంగతి..."

"ముందు మట్టి చెయ్యడం కానీ పిల్లా. తర్వాత మాట్లాడదాం."

"ఇప్పుడు మాట్లాడితే ఏం?"

"తర్వాత అన్నానుగా!" అని కుక్కని పిలుచుకుని వానలోకి వెళ్లిపోయాడు.

చిన్నప్పుడు ఆమెకి గుర్రపు స్వారీ నేర్పినవాడు, యుద్ధం నుంచి వచ్చేటప్పుడు ఫ్రాన్సులో కొన్న గాజు పక్షిని గ్లవ్‌లో దాచి తెచ్చిచ్చినవాడు. ఆ పక్షి కూడా ఇప్పుడు ఆమెకి లంచంలాగే తోచింది.

ఆ మధ్యాహ్నం గ్రిజెల్ దుప్పట్ల గదిలోకి మిసెస్ రాంకిన్‌ని పిలిచింది. ఇంటి పెత్తనమంతా రాంకిన్‌దే. తండ్రి పెళ్లినాటికి ఈ వంటింట్లో అంట్లు తోమే పిల్ల.

"సరస్సు ఒడ్డున, పడవల కొట్టంలో నాన్నా అమ్మా ఆ మాటలు అనుకుంటుంటే నువ్వు తలుపు సందులోంచి విన్నావు. అంతే చెప్పు."

"నేను వినలేదు కదమ్మాయిగారూ."

"జరగడం నిజమే. నువ్వు విన్నావన్నదే అబద్ధం."

"అయితే సగం పాపమన్నమాట." రాంకిన్ తువ్వాలు మడత విప్పి మళ్లీ మడిచింది. "ఆ సగానికి మా పాదిరి ఏం రేటు కడతాడో." తువ్వాలు దొంతర మీద పెట్టి, "మిమ్మల్ని ఎత్తుకు పెంచాను. ఆ కొలిచే ఆవిడ కింద పని చెయ్యలేను. చెబుతాను లెండి," అంది.

శవాన్ని పెట్టెలో ఉంచేటప్పుడు ఇంటివాళ్లూ పనివాళ్లూ అందరూ చుట్టూ నిలబడడం ఆ ఇంటి రివాజు. పాదిరి ప్రార్థన ముగించి, అందరికీ తలా గుక్కెడు విస్కీ అందాక, రాంకిన్ ఆప్రాన్ అంచు నలుపుతూ లాయరు ముందుకొచ్చి నేర్పినదంతా పొల్లుపోకుండా చెప్పింది. మరీ పొల్లుపోకుండా చెప్పిందేమోనని గ్రిజెల్‌కి అనిపించింది.

పిన్ని చేతిలో గ్లాసు తొణికింది. గ్రిజెల్ చూస్తున్నది పిన్నిని కాదు. బాబాయి మొహం సున్నం కొట్టినట్టు పాలిపోయింది. నోరు తెరిచి, లాయరువైపు చూసి, మళ్లీ మూసుకున్నాడు.

దొరికావు, అనుకుంది గ్రిజెల్.

మర్నాడు పొద్దున పిట్‌కెయిర్న్ పలహారానికి ఆలస్యంగా వచ్చాడు. బూట్ల నిండా బురద. "కాస్త అలా నడిచి వచ్చాను," అన్నాడు. ఎవరూ అడగకుండానే అన్నాడు. హాల్లో బల్ల మీద బాబాయి కార్డు పడి ఉంది. ఎవరు ఏ తాడు పట్టాలో చెప్పే నల్ల అంచు కార్డు, మధ్యలో శవపేటిక గీత, దాని చుట్టూ ఒక్కో తాడుకీ ఒక్కో అంకె. తలవైపు ఉన్న ఒకటో అంకె కింద 'లూడోవిక్' అని రాసి ఉంది. పేటికని గోతిలోకి దించేటప్పుడు తలవైపు తాడు పట్టుకునేది వారసుడే. ఊరంతా చూసేది ఆ చేతినే.

"ఆడవాళ్లం మనం అక్కడికి వెళ్లం కదా," అంది పిన్ని. "హామ్ మాంసం కోయించి, టీ సంగతి చూద్దాం పద."

"మీరు చూడండి పిన్నీ. కత్తి, టేపు రెండూ మీకు బాగా అలవాటు."

గ్రిజెల్ మగవాళ్ల వెనకే నడిచింది. చర్చి పక్క సమాధుల దొడ్డిలో కౌలు రైతులు ఆమెని చూసి గొణుక్కున్నారు. ఆమె గోడ పక్కన ఆగింది. వాళ్లందరి ముందూ బాబాయి తాడు పట్టుకుంటాడు. పట్టుకున్న క్షణాన తను కేక పెట్టి అడుగుతుంది. ఏమని అడగాలో దారి పొడుగునా అనుకుంటూనే వచ్చింది.

బాబాయి తలవైపుకి నడిచాడు. నల్ల పట్టు తాడు అందుకున్నాడు. తలెత్తి గోడవైపు చూశాడు.

"గ్రిజెల్, ఇలా రా."

ఆమె కదల్లేదు.

"రావే పిల్లా, వానలో మీ నాన్నని ఎంతసేపు నిలబెడతాం!" తర్వాత గొంతు పెంచి, అందరికీ వినిపించేలా అన్నాడు: "ఈ తాడు నాది కాదు. మా అన్నా వదినా పెళ్లి మాటలు అనుకున్నప్పుడు పక్కన నిలబడి విన్నది నేను. వాళ్ల కూతురు ఇది."

తాడు తడిసి, అనుకున్నదాని కంటే బరువుగా ఉంది. అంతా ఒక్క లయలో వదలాలి. ఆమె వైపు తాడు కాస్త తొందరగా జారితే పక్క తాడు పట్టుకున్న ముసలి రైతు, "మెల్లిగా తల్లీ, మెల్లిగా," అన్నాడు.

దొడ్డిలోంచి బయటికి వస్తూ బాబాయి ఆమె పక్కకి చేరాడు.

"ఆ పడవల కొట్టం నేను కట్టించింది," అన్నాడు ముందుకే చూస్తూ. "అప్పటికి నీకు నడకొచ్చింది. గడప దగ్గర తడి సిమెంటులో నీ పాదం దిగబడితే, మీ నాన్న చెరపనివ్వలేదు."

గ్రిజెల్ ఆగిపోయింది. ఏటా వేసవిలో ఆ చిన్న పాదం ముద్ర మీదుగానే పడవ ఎక్కేది. పిట్‌కెయిర్న్ బూట్ల బురద ఎక్కడిదో ఇప్పుడర్థమైంది.

"మరి ఆ మాటలు అనుకున్నదెక్కడ బాబాయ్?"

"పాత నీటిమర దగ్గర, కాలవ గట్టున. వచ్చిన రోజే పిట్‌కెయిర్న్‌కి ప్రమాణం చేసి చెప్పాను. నీతో ముందే మాట్లాడితే ఇద్దరూ కూడబలుక్కున్నారంటారని ఆయన నా నోరు కట్టేశాడు. నేను మూసుకున్నాను. నువ్వేమో ఇంకో నోరు తెరిపించావు."

"నువ్వు..."

"నేను దొంగననుకున్నావు. అది తర్వాత చూద్దాం. ముందు ఆయన సంగతి చూడు."

పిట్‌కెయిర్న్ గేటు దగ్గర గొడుగు దులుపుతున్నాడు. గ్రిజెల్ తిన్నగా ఆయన దగ్గరికి వెళ్లింది.

"రాంకిన్ చెప్పింది నేను నేర్పిన మాట. ఆమె ఏదీ చూడలేదు, వినలేదు."

"అనుకున్నానమ్మా. అనుమానించడమే నా పని కదా." ఆయన గొడుగు ముడిచాడు. "నిజం చెప్పాలంటే, ఆ అనుమానం రాంకిన్‌తో ఆగలేదు. ఒక అబద్ధం బయటపడ్డాక మీ బాబాయిగారికి కూడా ఎవరో నేర్పారేమో అనిపించింది."

"ఆయనకెవరు నేర్పుతారండీ? చెబితే పోయేది ఆయన బిరుదే కదా! ఎవరైనా..."

తన గొంతు తనకే వినిపించి గ్రిజెల్ ఆగింది. ఇన్నాళ్లూ ఇదే విషయాన్ని తిరగేసి, ఆయన మీద నేరంగా పట్టుకుంది.

"లండన్‌లో నేను చెప్పబోయేది కూడా అదే," అన్నాడు పిట్‌కెయిర్న్. "మీ వాదమంతా ఆ ఒక్కదాని మీదే నిలబడాలి. నిలబడుతుందో లేదో చెప్పలేను. రాంకిన్ సంగతి మాత్రం దాచను."

"చెప్పండి."

"ఎవరు నేర్పారంటే?"

"నా పేరే చెప్పండి. ఆమె పేరు చివర్న చెప్పండి."

ఇంటికొచ్చేసరికి హామ్ కోసి, టీ సర్ది ఉన్నాయి. జనం పలచబడ్డాక ఇంటివాళ్లు భోజనాల బల్ల దగ్గర చేరారు. తండ్రి కుర్చీ ఖాళీగా ఉంది. గ్రిజెల్ దాన్ని దాటి, తను ఎప్పుడూ కూర్చునే చోటు వైపు వెళ్లబోయింది.

"అక్కడ కూర్చో," అన్నాడు బాబాయి. "లండన్ వాళ్లు లేవమంటే లేద్దువు గాని. ఖాళీగా వదిలితే మీ పిన్ని దానికి కూడా కొలతలు తీస్తుంది."

"ఏమండీ!" అంది పిన్ని. ఆమె మెడ ఎర్రబడింది.

గ్రిజెల్ కూర్చుంది. బాబాయి కెటిల్ అందుకుని ఆమె కప్పులో టీ పోశాడు. ఆయన చేతివైపు, ఆ వెంటనే కళ్లవైపు ఇంకా అనుమానంగానే చూస్తున్నానని ఆమెకి తెలిసింది. ఆయనకి కూడా తెలిసింది.

"చక్కెర నువ్వే వేసుకో," అన్నాడు.