దుంపలకు పూసిన మట్టి

థర్జా ట్రెవీన్ లెక్కలో ఆ దీవి జనమంతా ఉత్త దద్దమ్మలు. పార పట్టడం చేతకాదు, నోరు మాత్రం బారెడు. అందుకే ఏటా కోతల పండుగకి చర్చిలో బలిపీఠం ముందరి మెట్టు ఆవిడ బంగాళాదుంపలదే. మిగతావాళ్ల కూరగాయలు కిటికీ గట్ల మీద సర్దుకునేవి. నేల ఇచ్చిన పంట ఆ నేల మట్టితోనే దేవుడి ముందుకు రావాలని అక్కడి ఆచారం. కడిగి తెచ్చినవాళ్లకు మెట్టు దక్కదు.

ఈ వేసవిలో ఉప్పుగాలి కొట్టి థర్జా మడి మాడిపోయింది. తవ్వి చూస్తే గోళీకాయలంత దుంపలు. చర్చికి ఏమీ తేలేనని ఒప్పుకుంటే ఆ మెట్టు పక్కింటి లవ్‌డేకి పోతుంది. లవ్‌డే! పొద్దెక్కేదాకా దుప్పట్లోంచి బయటికి రాని మనిషి! కొన్నేళ్లుగా ఆమె తెచ్చే క్యారెట్లు మాత్రం అచ్చు పోసినట్టుండేవి. అది థర్జాకి కడుపుమంట.

"సంచులకొద్దీ ఎరువు కుమ్మరిస్తే ఎవరికి పండవే? అది సేద్యమా?" అని మొహం మీదే అనేది.

ఆ లవ్‌డే ముందు తల వంచడం కంటే చావడం నయమనిపించింది. విత్తనానికని పడవవాడితో అబద్ధమాడి అవతలి ఒడ్డునున్న పెన్జాన్స్ ఊరి నుంచి ఒక సంచి దుంపలు తెప్పించుకుంది. వాటికి అక్కడి ఎర్రమట్టి అంటుకుని ఉంది. దాన్ని శనివారం సాయంత్రం తోమి తోమి కడిగి, తన పెరట్లోని తెల్లటి ఇసకమట్టి తడిపి దట్టంగా పట్టించింది. ఆ పని చేస్తున్నంతసేపూ ఆవిడకి తన మీద తనకే రోత పుట్టింది. అయినా ఆపలేదు.

ఆదివారం దుంపలు మెట్టెక్కాయి. అవతలి ఒడ్డు నుంచి కొత్తగా వచ్చిన పాదిరికి ఏ మొక్కకి ఏం కాస్తుందో కూడా తెలీదు. "ఈ పవిత్రమైన మట్టిని చూడండి!" అంటూ అతను చేతులు చాచాడు. సరిగ్గా అప్పుడే పై దుంప మీది మట్టి పెచ్చుగా ఊడి మెట్టుపై పరిచిన తెల్లగుడ్డ మీద పడింది. తర్వాత ఇంకోటి. లోపలి నుంచి దుంపలు కడిగిన పళ్లెంలా మెరుస్తూ బయటపడ్డాయి.

థర్జా ఎవరో ఒకరు నవ్వుతారని బిగుసుకుని కూర్చుంది. ఎవరూ నవ్వలేదు. అందరూ పాటల పుస్తకాల్లోకి తలలు దించుకున్నారు. పక్కన కూర్చున్న లవ్‌డే మాత్రం ఆవిడ చెవి దగ్గరికి వంగింది.

"అంత తడి పనికిరాదు, పిన్నీ. పలచగా పూసి రెండ్రోజులు పొయ్యి పక్కన ఆరబెట్టాలి. అప్పుడు గీకినా ఊడదు."

"నీకెలా తెలుసే?"

"భలేదానివే! మా క్యారెట్లకి ఏటా చేసేది అదేగా. అదుగో, మన జేగోగాడు తెచ్చిన ఉల్లిపాయలూ అంతే, ఆ గుమ్మడికాయా అంతే. ఈ దీవిలో నువ్వు తప్ప ఇంకెవరు పండిస్తున్నారు గనక?"

థర్జా కిటికీ గట్ల వంక చూసింది. సంతసరుకు! ఇన్నేళ్లూ ఈ సంతసరుకుతోనా తను పోటీ పడింది? ఎండనకా వాననకా నడుం విరిగేలా తవ్వింది దీన్ని గెలవడానికా? థూ, ఏం మనుషులు!

"మరి ఇన్నాళ్లూ ఈ వేషాలెందుకే?" అంది పళ్లు నూరుతూ.

"నీకు భయపడి, పిన్నీ. కొట్లో అమ్మే కూరల డబ్బాలు తెస్తే నువ్వు బతకనిస్తావా?" లవ్‌డే హాయిగా నిట్టూర్చి వెనక్కి ఆనుకుంది. "పోనీలే, నువ్వూ మాలో కలిశావు. పైయేటి నుంచి అందరం డబ్బాలే తెచ్చేద్దాం. ఈ మట్టి పిసుక్కునే బాధ తప్పుతుంది."

ఆ మాట వరసల వెంట గుసగుసగా పాకింది. ఒక్కొక్కరే థర్జా వైపు తిరిగి, తమ మనిషిని చూసినట్టు ఆప్యాయంగా తలలూపారు.