ఎబ్లే కథకు గాలయ్య వంత

సుమనను ఇప్పటికి మూడు కాలేజీలు వద్దన్నాయి. చరిత్రలో ఎమ్మే ఉంది, మార్కులున్నాయి, గొంతే లేదు. డెమో క్లాసులో వెనక బెంచీలు కిచకిచమంటే చాలు, మాట మింగేస్తుంది. రేపు నల్గొండలో నాలుగోది. పాఠం వాళ్ళే ఇచ్చారు: నెపోలియన్ సైన్యంలోని జనరల్ ఎబ్లే. పదిహేను నిమిషాలు. ఈసారి ఆకాశం విరిగి పడ్డా చివరిదాకా చెప్పే బయటికొస్తానని ఒట్టు పెట్టుకుంది.

నకిరేకల్‌లో ఇంటి అరుగు మీద అద్దం పెట్టుకుని మొదలుపెట్టిందో లేదో, మేనమామ గాలయ్య దిగబడ్డాడు. ఆయన గొల్లకురుమల ఒగ్గుకథ బృందంలో వంత పలికేవాడు. కథకుడు ఒక మాటంటే అడ్డం తగిలి జనాన్ని నవ్వించడమే పని. ముప్పై ఏళ్ళ అలవాటు మరి, దవాఖానలో డాక్టరు రోగం సంగతి చెప్పినా ఆ నోరు ఊరుకోదు.

"ఎబ్లే తండ్రి ఫిరంగి దళంల సార్జెంటు," అంది సుమన.

"ఔరా! ఏ ఊరు? గొర్లెన్ని?"

"మామా, జర ఊకో! చిన్నప్పుడే ఫిరంగుల కాడ చేరి, జనరల్ దాంక ఎదిగిండు. రష్యాల దెబ్బతిని మర్లివచ్చేటప్పుడు, బరువని వంతెనల సామాను కాలవెట్టుమని నెపోలియన్ హుకుమిచ్చిండు. ఈయన పనిముట్లు, మేకులు, రెండు కొలుములు మాత్రం మిగిలిచ్చి వెంట తెచ్చిండు."

"రాజు మాట ఇనలే? మనోడే! మీ అత్త పారెయ్యమన్న డోలు నేను గడ్డివాముల దాసిన సూడు, గట్ల."

సుమనకు ఏడుపొచ్చింది. "నా నౌకరి నీకు నవ్వులాటగున్నదా?"

"రేపు నిన్ను ఆడుకునే పోరగాండ్లు నాకంటె మంచోళ్ళా బిడ్డా? నాకే జవాబు జెప్పకపోతే ఆళ్ళకేం జెప్తవ్?"

సుమన లేచి అద్దాన్ని లోపల పెట్టొచ్చి, ఎదురుగా కూర్చుంది. "అడుగు."

పొద్దుగూకేదాకా అడుగుతూనే ఉన్నాడు.

మర్నాడు క్లాసులో, వెనక కుర్చీలో ప్రిన్సిపాల్ గడియారం చూసుకుంటూ కూర్చున్నాడు.

"బెరెజినా నది. సైన్యం దాటాల్నంటే వంతెన కట్టాలె. ఎముకలు కొరికే చలి."

"స్వెట్టర్ ఏసుకున్నరా మేడం?" వెనక బెంచీ ఘొల్లుమంది.

సుమన ఈసారి మాట మింగలేదు. "లేదు. ఛాతీ లోతు నీళ్ళు, మంచుగడ్డలు కొట్టుకొస్తున్నయ్. నువ్వైతే దిగుతవా?"

వాడు తల గోక్కున్నాడు. "మరి కట్టె ఏడిది మేడం?"

"పక్కూరి ఇండ్లు ఇప్పి దూలాలు తెచ్చిండ్రు. మిగిలిచ్చిన మేకులతోటి కట్టిన వంతెన మూడుసార్లు ఇరిగింది."

"ఇరిగితే?"

"మళ్ళ దిగిండ్రు. యాభై మూడేండ్ల జనరల్ కూడ దిగిండు."

"ఆహా! అందరు దాటిండ్రా మరి?"

ఆ గొంతు కిటికీలోంచి వచ్చింది. గేటు దగ్గరే ఉంటానని ఒట్టేసిన గాలయ్య! క్లాసంతా అటు తిరిగింది. ప్రిన్సిపాల్ లేచాడు.

"సార్, రెండు నిమిషాలు," అంది సుమన, గొంతు తగ్గించకుండా. "అడిగినదానికి జవాబుంది. అందరూ దాటలే. ఎనకవడ్డోళ్ళు వేలమంది దాటకుంట ఒడ్డు మీదనే ఉన్నరు. శత్రువు ఎంటవడకుంట వంతెన కాలవెట్టుమని మళ్ళ హుకుం. ఒక్కరన్న ఎక్కువ దాటుతరని, ఎబ్లే ఎంత ఆలస్యం చెయ్యొచ్చో అంత చేసిండు. ఇగ శత్రువు మీదవడ్డంక అంటువెట్టిండు. నెల తిరిగేసరికి తనూ పోయిండు."

కిటికీలో గాలయ్య తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. ప్రిన్సిపాల్ గడియారం సంగతి మరిచి మళ్ళీ కూర్చున్నాడు.

"ఎవరాయన?" అన్నాడు ప్రిన్సిపాల్.

"మా మామ సార్."

"సోమవారం నుంచి రండమ్మా. ఆయన్ని మాత్రం గేటు బయటే ఉంచండి."

"ఫికర్ లేదు సార్," అన్నాడు గాలయ్య, "గేటు కాడినుంచి గూడ నా గొంతు మంచిగనే ఇనవడ్తది!"