పందొమ్మిది కాదు

మెల్‌బోర్న్‌లోని మా కాల్‌ఫీల్డ్ పేట యూదు మహిళా మండలి తాతల ఊళ్ళు చూడటానికి పోలెండు బయల్దేరితే, మనుషుల్ని లెక్కపెట్టే పని నా నెత్తిన పడింది. మనుషుల్ని అంకెలతో లెక్కపెడితే దిష్టి తగులుతుందని మా నమ్మకం. అందుకని వేలు చూపిస్తూ, మా అమ్మమ్మల యిడ్డిష్‌లో "ఒకటి కాదు, రెండు కాదు" అనుకుంటూ పోతాం. ఈసారి పందొమ్మిది మందిమి. అంటే, పందొమ్మిది కాదు.

పోయినేడు లిత్వేనియాలో నా లెక్క తప్పి పెర్లా గ్లేజర్‌ను శ్మశానంలో వదిలేసి వచ్చాం. నాలుగు గంటలపాటు. అప్పట్నుంచీ మెల్‌బోర్న్‌లో ఏ పెళ్ళిలో కనబడినా పెర్లా ఆ నాలుగు గంటల గురించి ఆరు గంటలు చెబుతుంది. ఇంకొక్కసారి తప్పితే లెక్క పెర్లాకే అప్పగిస్తామని మండలి తీర్మానం కూడా చేసింది. పెర్లా నన్ను వేలు పెట్టి చూపిస్తుంటే నోరు మూసుకుని కూర్చోవడం నా వల్ల కాదు.

బస్సు డ్రైవరు మరెక్ మొదటి రోజే విసిగిపోయాడు. నాకు మా అమ్మ నేర్పిన పోలిష్ వచ్చు కాబట్టి వాడి బాధలన్నీ నాకే.

"ఎంతమంది మేడమ్? ఫారం నింపాలి."

"పందొమ్మిది కాదు."

"మరెంత? పద్దెనిమిదా?"

"పద్దెనిమిది కాదు కూడా అయిపోయిందయ్యా. దాని తర్వాత ఇంకొకటి కాదు."

వాడు కలం జేబులో పెట్టేసుకున్నాడు.

మూడో రోజు శుక్రవారం, వెర్ష్నిచ్ అనే ఊరు. మాలో సగంమంది తాతలది అదే. దురదగొండి మొక్కల్లో పడిపోయిన సమాధి రాళ్ళ దగ్గర కీర్తనలు చదివాం, ఏడ్చాం, ఉడికించిన గుడ్లు తిన్నాం. పొద్దు వాలితే సబ్బాతు, బండెక్కకూడని విశ్రాంతి రోజు; ఆలోగా వార్సా చేరకపోతే మేం రోడ్డుమీదే. అందర్నీ తరిమి బస్సెక్కించి లెక్కపెట్టాను. ఇరవై కాదు అని వచ్చింది.

వెనకనుంచి ముందుకి లెక్కపెట్టాను. మళ్ళీ ఇరవై కాదే.

"పోయినేడు ఒకర్ని తగ్గించావు, ఈ ఏడు ఒకర్ని పెంచావు. సరిపోయిందిలే గుటా," అంది పెర్లా, బ్యాగులోంచి అద్దం తీసుకుంటూ.

"పూర్వీకుల ఆత్మ ఎవరిదో ఎక్కి ఉంటుందే," అంది లిబీ.

"ఆత్మకి సీటెందుకే? టాపు మీద కూర్చోమను," అంది పెర్లా.

ఆత్మకి వీడ్కోలు చెప్పడానికి ఏ కీర్తన చదవాలన్న దానిమీద పావుగంట పోట్లాడుకున్నారు. చివరికి ఒకటి చదివారు. అందరూ ఆమెన్ అన్నాక, వెనక సీటులోంచి ఇంకో ఆమెన్ ఆలస్యంగా వచ్చింది.

వెళ్ళి చూస్తే ఆకుపచ్చ తలగుడ్డ కట్టుకున్న ముసలావిడ, చేతిలో లిబీ ఇచ్చిన గుడ్డు. ప్రతి ఒక్కరూ ఆవిడ ఇంకెవరి వదినో అనుకున్నారట. అడిగితే బాగుండదని ఊరుకున్నారట. లెక్కపెట్టేటప్పుడు నేనూ తలలే చూశాను, మొహాలు చూడలేదు. వీళ్ళతో వేగలేక చస్తున్నాను.

"ఎవరమ్మా మీరు?" అన్నాను పోలిష్‌లో.

"నా పేరు యాద్విగా. ఆ గోడ పక్క ఇల్లే మాది. పొద్దున బస్సు దిగేటప్పుడు మీరు ఏదో అంటూ వేలు చూపించారు కదా. మా అమ్మ రోజూ నన్ను పడుకోబెట్టేటప్పుడు అదే అనేది. నా మీద వేలు పెట్టి మొదటి మాట అని, అక్కడితో ఆపేసేది. బయట అనకు అనేది. ఆవిడ పోయి అరవై ఏళ్ళయింది, అర్థం చెప్పేవాళ్ళు లేరు. ఏమిటమ్మా అది?"

"ఒకటి కాదు, అని."

ఆవిడ గుడ్డు ఒళ్ళో పెట్టుకుంది. "అంతేనా? నేను ఒకటి కూడా కాదనా?"

"అయ్యో, అలా కాదమ్మా. మీరున్నారని చావుకి తెలియకూడదని. ఉన్నవాళ్ళనే అలా అంటాం. లేనివాళ్ళని అనం."

ఆవిడ కిటికీలోంచి తన ఇంటి వైపు చూసింది. మరెక్ హారన్ కొట్టాడు. ఎవరూ పట్టించుకోలేదు.

"ఇంట్లో నేనొక్కదాన్నే పిల్లని. అయినా అమ్మ ఒక్క రోజు మానలేదు," అంది. తర్వాత నా చెయ్యి పట్టుకుని, "మీ వాళ్ళతో కలిపి నన్నూ ఒకసారి అలా అంటారా? అయ్యాక దిగిపోతాను. కోళ్ళను గూట్లోకి తోలాలి."

ఆవిడ చెప్పింది వెనక్కి తిరిగి మావాళ్ళకు చెప్పాను, వాళ్ళమ్మ మాలాంటి యూదురాలే అయ్యుంటుందని, బయటికి చెప్పుకోలేక బతికిందని. పెర్లా నా వైపే చూస్తోంది. ఇక మొదలవుతుంది అనుకున్నాను.

"ఇంకా ఏం చూస్తావే?" అంది పెర్లా, ముక్కు తుడుచుకుంటూ. "నీ లెక్క సరిగ్గానే ఉంది. ఆవిడతో మొదలుపెట్టు."

నాకు ఏడుపు ఆగలేదు. యాద్విగా భుజంమీద వేలు ఆనించి యిడ్డిష్‌లో ఒకటి కాదు అన్నాను.

"మా అమ్మ ఇంకా మెల్లగా అనేది," అంది ఆవిడ, కళ్ళు మూసుకుని.

మళ్ళీ అన్నాను, ఈసారి మెల్లగా.