పదకొండు రోజుల మర్యాద

సెప్టెంబరు మొదట్లో నా దగ్గర ఉన్నవి: నలభై ఒక్క పాత సైకిళ్ళు, అద్దె బాకీ లేని కొట్టు, ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనవసరం లేని జీవితం. అరవై రెండేళ్ళ మనిషికి ఇంతకన్నా ఏం కావాలి అనుకునేవాణ్ణి.

మా ఫిన్నిష్ ఊరు కోయివురంతలో యూనివర్సిటీ వచ్చాక నా వ్యాపారం తేలికైంది. పిల్లలు మే నెలలో వెళ్ళిపోతూ సైకిళ్ళు అమ్ముతారు, ఆగస్టులో కొత్తవాళ్ళు వచ్చి కొంటారు. మధ్యలో నేను చైన్లకు నూనె పెడతాను.

మర్యానా అనే ఆవిడ యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల ఆఫీసు చూస్తుంది. ఒకరోజు టైరు మార్పించుకోవడానికి వచ్చి, ఒక కాగితం నా ముందు పెట్టింది.

"విదేశీ పిల్లలకు స్నేహ కుటుంబాలు కావాలి, అర్వీ. నెలకోసారి కాఫీ పోసి రెండు మాటలు మాట్లాడితే చాలు."

"నాది కుటుంబమా? నేనూ, రెండు గాలి పంపులూ."

"రెండు మాటలు మాట్లాడటం నీకు కష్టమే. ఒకటి మాట్లాడు."

నేను లెక్క వేశాను. ఒక్క విద్యార్థి వస్తే వెనక పదిమంది స్నేహితులు వస్తారు. అందరికీ సైకిలు కావాలి. సంతకం పెట్టాను.

అలా వచ్చింది ఎసినం. ఘనా నుంచి, అడవుల చదువుకు. మొదటి రోజే నీలం సైకిలు ధర బేరమాడి మూడో వంతు తగ్గించి, బుట్ట ఉచితంగా బిగించమంది. నన్ను అంకుల్ అని పిలిచింది. మా అక్క పిల్లలు కూడా నన్ను పేరుతోనే పిలుస్తారు. ఆ పిలుపు వినగానే బుట్ట బిగించేశాను.

నెలకోసారి అన్నారు కానీ ఆమె ప్రతి శనివారం వచ్చేది. నేను లోపల చేపలు పెట్టి కాల్చిన రొట్టె కోసి పెడితే, ముల్లు ఉందా అని వెతికి, కారం లేదని దిగులుపడేది. స్నేహితులను తెచ్చి వాళ్ళ తరఫున నాతోనే బేరమాడేది. పంతొమ్మిది సైకిళ్ళు అమ్ముడయ్యాయి.

అక్టోబరు చివర్లో ఒక మాట చెప్పింది. "నవంబరు ఇరవై రెండున పెద్ద పరీక్ష, అంకుల్. అది పోతే జనవరిలో నేను ఇక్కడ ఉండే అనుమతి కాగితం పొడిగించడం కష్టం. అంటే చదువూ లేదు, ఊరూ లేదు."

నవంబరు మధ్యలో వరుసగా రెండు శనివారాలు ఆమె రాలేదు.

ఆమె ఉండే విద్యార్థుల భవనం నా కొట్టుకు ఎదురుగానే ఉంటుంది. కిటికీలోంచి నీలం సైకిలు కనిపిస్తుంది. దాని సీటు మీద మంచు పేరుకుంది, చక్రాల దగ్గర మంచులో ఒక్క గీత కూడా పడలేదు. చదువుకుంటోంది, కదిలించకూడదు అనుకున్నాను. మా ఊళ్ళో మనిషిని గౌరవించడమంటే అదే. అడిగితే వెళతాం, అడగకపోతే వెళ్ళం.

మర్యానా వస్తే ఎసినం గురించి అడిగాను.

"క్లాసులకు రావడం లేదట. ఈమెయిల్ పంపాం. జవాబు లేదు."

"మళ్ళీ పంపలేదా?"

"వెంటపడుతున్నట్టు ఉంటుందని ఆగాను." కిటికీ వైపు చూసి, "నువ్వు ఎదురుగానే ఉన్నావుగా?" అంది.

నేను బ్రేకు తీగ బిగిస్తూ ఉండిపోయాను.

ఇరవై రెండో తేదీ పొద్దున పరీక్ష తొమ్మిదికి. ఎనిమిదిన్నరకు సైకిలు మంచు కిందే ఉంది. ఆమె బస్సు ఎక్కదు, డబ్బు దండగ అంటుంది. అయినా వెంటనే కదల్లేదు. ఒక ముసలాయన బేరానికి వచ్చాడు. ఆయన సైకిలు కొనుక్కుని వెళ్ళాక, పదింటికి రోడ్డు దాటాను.

ఆమె వాటా తలుపు తీసింది పక్క గది కుర్రాడు, యూసో.

"ఎసినం ఉందా?"

"ఉంది. దగ్గుతోంది. వారం దాటింది."

"నువ్వు చూశావా?"

"లేదు." గొంతు తగ్గించాడు. "ఇబ్బంది కలగకూడదని పాటలు కూడా హెడ్‌ఫోన్‌లోనే వింటున్నాను."

ఆమె గదికి గడియ వేసి లేదు. నెట్టగానే తెరుచుకుంది. పెదవులు పగిలిపోయి, ఒళ్ళు కాలిపోతూ గోడవైపు పడుకుని ఉంది. మంచం పక్కన నీళ్ళ సీసా ఖాళీగా ఉంది.

"తలుపు తీసే పెట్టాను, అర్వీ," అంది. అంకుల్ అనలేదు. "పదకొండు రోజులు. ఎవరో ఒకరు వస్తారని."

"చదువుకుంటున్నావనుకున్నా."

"ఆసుపత్రికి ఫోన్ చేశాను. ఒక యంత్రం ఫిన్నిష్‌లో ఒకటి నొక్కు, రెండు నొక్కు అంది. ఏది నొక్కాలో తెలియలేదు. నేనేం తప్పు చేశానో, ఊరంతా నా మీద కోపంగా ఉంది అనుకున్నాను. మా ఊళ్ళో పగవాడైనా రెండో రోజుకు తొంగిచూస్తాడు, ఉందా పోయిందా అని."

ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరిందన్నాడు డాక్టరు. తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉంది. మర్యానా పరుగులు పెట్టి డాక్టరు కాగితం సంపాదించింది, పరీక్ష ఫిబ్రవరికి మార్పించింది, అనుమతి దరఖాస్తుకు ఉత్తరం రాసింది. దారి తెరుచుకుంది. ఎసినం మాత్రం ఆ దారిన నడవనంది.

"మీరంతా మంచివాళ్ళే," అంది మర్యానాతో, నా ఎదుటే. "మీ మంచితనం మధ్య ఇంకో చలికాలం పడుకునే ధైర్యం నాకు లేదు."

డిసెంబరు పద్నాలుగున విమానం ఎక్కింది. డిగ్రీ సగంలో ఆగింది. బస్సు స్టాండు దాకా ఆమె పెట్టె మోసింది నేనే. 

మూడు నెలలు ఆమె దగ్గర్నుంచి కబురు లేదు. నేనూ రాయలేదు. కోపంగా ఉంది కదా, కదిలించకూడదు అనుకున్నాను. మార్చిలో ఒక మధ్యాహ్నం చైనుకు నూనె పెడుతుండగా, నేను చేస్తున్నది మళ్ళీ అదే పని అని తట్టింది. చేతులు కూడా తుడుచుకోకుండా ఫోన్ చేశాను.

ఎత్తింది. "ఎందుకు చేశారు?"

"ఏ పనీ లేదు. ఉన్నావా లేదా అని."

 ఆమె తిట్టడం మొదలుపెట్టింది. ఈమెయిల్‌నూ, యంత్రాన్నీ, యూసో హెడ్‌ఫోన్‌నూ, ఆ పొద్దున నేనమ్మిన సైకిలునూ ఒక్కటీ వదలకుండా తిట్టింది. ఇరవై రెండు నిమిషాలు. వచ్చే శనివారం మళ్ళీ చేయమంది, ఇంకా అయిపోలేదట.

పంతొమ్మిది సైకిళ్ళ లాభం శీతాకాలంలోనే ఖర్చైపోయింది. చివరికి నాకు మిగిలింది ఆ ఇరవై రెండు నిమిషాలు.