నాతోని సమాధానపడు వదినె

మడికొండలో కొత్తగా కట్టిన అపార్ట్‌మెంట్‌లో లిఫ్టు కింది గుంతలో దిగి పనిచేస్తుండగా సందీప్ చనిపోయాడు. ఉన్నట్టుండి లిఫ్టు మీదికి దిగింది. మెయిన్ స్విచ్ ఆపకుండా దిగాడని, తప్పు అతనిదేనని కాగితాల్లో రాశారు. అతని తల్లి కృపమ్మ నమ్మలేదు. ఇంట్లో బల్బు మార్చాలన్నా మెయిన్ ఆపనిదే స్టూలెక్కే పిల్లవాడు కాదు. కానీ ఆ రోజు అక్కడే ఉన్న ఎలక్ట్రీషియన్ జయరాజు తనకేమీ తెలియదన్నాడు. జయరాజు ఆమెకు సొంత మరిది. ఇక ఎవరిని అడుగుతుంది?

నాలుగు నెలలు గడిచాయి.

నెలలో మొదటి ఆదివారం చర్చిలో రొట్టె, ద్రాక్షరసం ఇస్తారు. వాటిని ముట్టేముందు, ఎవరితోనైనా చెడినవాళ్లు లేచి వెళ్లి సమాధానపడాలి. బయట సమాధానమంటే జవాబు. వీళ్లకు మాత్రం తాతల నాటి నుంచి ఆ మాటకు శాంతి అనే అర్థం. చేయి పట్టుకొని ‘సమాధానపడు’ అంటే, మన మధ్య ఉన్నది ఇక్కడితో తీరిపోవాలని. మామూలుగా మాటల్లేని తోడికోడళ్లు, పొలం గెట్టు తగాదా ఉన్న అన్నదమ్ములు లేచేవాళ్లు.

ఆ ఆదివారం మగవాళ్ల వైపు నుంచి జయరాజు లేచాడు. నేరుగా కృపమ్మ ముందుకొచ్చి చేయి చాచాడు.

“నాతోని సమాధానపడు వదినె.”

కృపమ్మ చేయి సగం దాకా లేచి ఆగిపోయింది.

“మనకేం లొల్లి ఉంది జయరాజూ?”

అతను చాచిన చేయి దించలేదు. సందీప్ పోయిన రోజు అక్కడే ఉన్నది ఇతనేనని ఆమెకు గుర్తొచ్చింది. అతని భుజం పట్టుకొని బయటికి తీసుకుపోయింది.

“కరెంటు ఎవరేసిన్రు?”

“నేనే. ఆడు మెయిన్ బంద్ చేసే దిగిండు. పైనోళ్లు లిఫ్టు లిఫ్టని ఒకటే ఒర్రుతున్నరు. ఆడు చాయ్‌కి పోయిండనుకున్న.”

“లోపట ఉన్నవా అని ఒక్కసారన్న పిల్వలేదా?”

“పిల్వలే వదినె.”

కృపమ్మ మెట్ల మీద కూలబడింది. లోపల పాట మొదలై, అయిపోయింది.

“దేవుని ముంగట ఒప్పుకున్న. ఇగ మాఫ్ చెయ్యి,” అన్నాడు జయరాజు.

“సమాధానపడాల్సింది నాతోని గాదు, ఆనితోని. సచ్చినోని మీద తప్పు రాస్తుంటే సూసుకుంట నిలవడ్డవు. రేపు పొద్దుగాల స్టేషన్‌కు రా. అక్కడ చెప్పు.”

“నౌకరి పోతది. కేసైతది.”

“అయితది.”

సోమవారం అతను వచ్చాడు. జరిగిందంతా చెప్పి, పోలీసులు రాసుకున్న కాగితాల మీద సంతకం పెట్టాడు. అతని పేరున కేసు రాసి, పిలిచినప్పుడల్లా రావాలని చెప్పి పంపించారు. బయటికొచ్చాక మళ్లీ చేయి చాచాడు. కృపమ్మ పట్టుకుందామనే చూసింది. చేతకాలేదు. ఆ వేళ్లే స్విచ్ వేశాయి.

“నాతోటి ఐతలేదు జయరాజూ,” అంది. “ఎప్పుడైతదో తెల్వదు. ఆటో ఎక్కు. మౌనికకు నువ్వే చెప్పాలె.”

మౌనిక సందీప్ చెల్లెలు. మీ అన్న చేజేతులా చచ్చాడని కాలేజీలో ఎవరో అన్నప్పటి నుంచి చదువు మానేసి ఇంట్లోనే ఉంటోంది. ఆటో చప్పుడుకు తలుపు తీసింది.

“దా చిన్నాయనా,” అంటూ కుర్చీ వేసింది.

జయరాజు కూర్చోలేదు. గడప అవతలే నిలబడి చెప్పడం మొదలుపెట్టాడు.