గంటకొక చుక్క

పొద్దున తొమ్మిదింటికి వరసలో నిలబడితే హులిగెమ్మ వంతు వచ్చేసరికి పన్నెండున్నర దాటింది. ఎడమ కంటికి కొంగు అదుముకుని గోడవారగా కూలబడి ఉంది. ఏ పక్కనుంచి వెలుతురు తగిలినా కంట్లో కారం పోసినట్టుంది. కోసిగి పక్క పల్లెలో చీకటితోనే బయల్దేరి, ఆదోనిలో బస్సు మారి, కర్నూలు కంటాసుపత్రికి వచ్చారు. మొగుడు నరసన్న చీటీ పట్టుకుని, తలుపు తెరుచుకున్నప్పుడల్లా మెడ సాచి చూస్తున్నాడు.

డాక్టరు ఆమె గడ్డాన్ని మిషను మీద ఆనించి, లైటు వేసి చాలాసేపు చూశాడు.

"ఎన్ని రోజులైందమ్మా?"

"పన్నెండు దినాలు సార్. జొన్న కోస్తాంటే ఆకు కొట్టుకునింది."

"ఇన్ని రోజులు ఏం చేశావు?"

హులిగెమ్మ చేయనిదేముంది? ఆ సాయంత్రమే ఆముదం చుక్క వేసుకుంది. మూడో నాడు పక్కింటి బాలింత చనుబాలు పిండింది. అయిదో నాడు మెడికల్ షాపు గోపీనాథ్ చుక్కల మందిచ్చాడు. రెండు రోజులకే ఎర్రదనం విరిగితే, బాగైందనుకుని మళ్ళీ కోతకు పోయింది. ఆ తర్వాతే పోటు మొదలైంది. చుక్కలు ఇంకా ఎక్కువ వేసుకుంది.

బొడ్లోంచి సీసా తీసి ఇచ్చింది. డాక్టరు దాని మీది రాత చదివి, పక్కన పెట్టాడు.

"ఇది ఎరుపు తగ్గిస్తుందమ్మా. లోపల బూజును మాత్రం పెంచుతుంది."

"బూజా సార్?"

"ఆకు మీది బూజు కంట్లో చేరింది. నల్లగుడ్డు మీద తెల్లగా పుండు పట్టింది."

ఊరగాయకు బూజు పడుతుందని తెలుసు. తడిసిన గింజలకు పడుతుందని తెలుసు. మనిషి కంటికి పడుతుందని ఆమెకు ఎవరు చెప్పాలి? గోపీనాథ్ చెడ్డవాడు కాదు. ఆ చుట్టుపక్కల మూడు ఊళ్ళకు జ్వరమొచ్చినా దగ్గొచ్చినా అతనే దిక్కు. అదే మందు వాళ్ళమ్మ కంట్లోనూ వేశాడు.

"రెండు వారాలైనా ఇక్కడే ఉండాలి. రాత్రీ పగలూ గంటకొక చుక్క పడాలి. మందులకూ మంచానికీ డబ్బు కట్టక్కర్లేదు. చూపు ఎంత మిగులుతుందో ఇప్పుడు చెప్పలేను. ముందు కన్ను నిలబెట్టుకుందాం," అన్నాడు డాక్టరు.

బయటికి రాగానే నరసన్న గొంతు తగ్గించాడు.

"మందు తీసుకుని పోదాం పా. సుక్కలేగా, ఇంటికాడ ఏసుకుందాం. అయ్యన్న మేస్త్రి మనిద్దర్నీ నమ్ముకుని కోత ఒప్పుకున్యాడు. ఈడ కూసుంటే ఇద్దరి కూలీ పోతాది."

ఆమె కొంగును కంటికి ఇంకా గట్టిగా అదుముకుంది.

"రెండో కన్ను బాగానే ఉండాది గదమ్మే."

కసిగా అన్న మాట కాదది. అలిసిపోయిన మనిషి లెక్క. అనేశాక అతనే తల తిప్పుకున్నాడు.

హులిగెమ్మ ఇంటిని తలచుకుంది. చేలో కొడవలి పక్కన పెట్టి గంటగంటకూ చుక్క వేసేదెవరు? మొన్నటిదాకా తానే తల వెనక్కి వాల్చి వేసుకుంటే సగం చెంప మీదే పడేది.

"నేను రాను," అంది.

"ఏందీ?"

"నీకు పాము కరిసినప్పుడు ఆదోని ఆసుపత్రిలో తొమ్మిది దినాలు నీ కాళ్ళకాడ కూసున్యా. అప్పుడూ కోతలే. కూలీ పోతాదని నేనంటినా?"

పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో నరసన్న పిలిస్తే ఆమె రాననడం ఇదే మొదలు. గొంతు పెంచనూ లేదు. కొంగు సర్దుకుని, నర్సు చూపించిన మంచం దగ్గరికి నడిచి, పడుకుంది.

నర్సు పేరు భువన. ఆమె కింది రెప్పను మెల్లగా లాగి మొదటి చుక్క వేసింది. కన్ను భగ్గుమంది. హులిగెమ్మ మంచం పట్టీని గట్టిగా పట్టుకుంది.

"మంటగానే ఉంటుందక్కా. ఓర్చుకో," అని భువన తలుపు దగ్గర నిలబడ్డ నరసన్న వైపు తిరిగింది. "అన్నా, ఆమెకు తోడు ఉండేది నువ్వేనా? పగలు మేం చూసుకుంటాం గానీ, రాత్రిళ్ళకు నువ్వూ నేర్చుకోవాల. ఇంటికి పోయినాక గూడా శానా దినాలు ఏయాల. పోయి సబ్బుతో చేతులు కడుక్కుని రా."

నరసన్న తన చేతుల వంక చూసుకున్నాడు. జొన్న దంట్లు కోసిన గాట్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. కుళాయి వరండా ఆ చివర ఉంది. బస్టాండుకు పోయే గేటూ అటే. అతను కాసేపు గడపలోనే నిలబడి, అటు నడిచాడు.

హులిగెమ్మ మంచి కన్ను తెరిచి, ఖాళీ అయిన తలుపు వైపు చూస్తూ పడుకుంది. వరండాలో ఎక్కడో నీళ్ళు పడుతున్న చప్పుడు. అది ఎవరు తిప్పిన కుళాయో ఆమెకు కనబడలేదు.